నేను దాచిన కాలమ్

2018 ఎండకాలం. మహబూబ్‌నగర్‌ల ఒక ట్రస్టు నడిపే బ్లడ్ బ్యాంకుకు అప్పటికి ఏడాదిన్నర నుంచి నేనే సాఫ్ట్‌వేర్ చూసుకుంటున్న. నా ఆఫీసు మాత్రం నల్లగొండల, గడియారం చౌరస్తకు రెండు సందుల అవతల, ఒక మెడికల్ షాపు మీది అంతస్తుల రెండు గదులు. ఫోన్ల తేలని పని ఏదన్న వస్తే పొద్దుగాల బస్సెక్కి మల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగ పోయి పని చూసుకొని వచ్చేదాన్ని.

నేను రాసేటియి డెస్క్‌టాప్ అప్లికేషన్లు. ఇంటర్నెట్ ఉన్నా లేకున్నా ఆఫీసు కంప్యూటర్ల మీద నడిచే ప్రోగ్రాములన్నట్టు. విత్తనాల గోదాములు, ల్యాబులు, రైసు మిల్లులు, దవాఖానలు నా కస్టమర్లు. ఈ ప్రోగ్రాములల్ల ఎక్కువసేపు మనిషి కండ్ల ముందర ఉండేది డేటా గ్రిడ్. రిజిస్టర్ల అడ్డం, నిలువు గీతలు కొట్టుకున్నట్టే స్క్రీన్ మీద గళ్లు ఉంటయి. అడ్డం వరుసను రో అంటం, నిలువు వరుసను కాలమ్ అంటం, ఒక్కొక్క గడిని సెల్ అంటం. తయారుగ దొరికే గ్రిడ్ బూడిద రంగుల, చిన్న అక్షరాలతోని ఉత్తగ పడి ఉంటది. దాని రంగులు, ఫాంట్లు, గీతలు, వెడల్పులు మార్చి కస్టమర్ పనికి కుదిరేటట్టు చేసుడు మా పనిల సగం. నాకు ఆ పనంటే ఇష్టం. నా గ్రిడ్లు చూసి ఇది నల్లగొండ మేడం చేసిందేనని గుర్తుపట్టేటోళ్లు ఉండిరి. నాకు గా పేరంటే మస్తు గర్వంగ ఉండె.

బ్లడ్ బ్యాంకుకు నేను మొదలు ఇచ్చిన గ్రిడ్ సాదాగ ఉండె. తెల్ల స్క్రీన్ మీద నల్ల అక్షరాలు. ఒక్కో వరుస ఒక్కో రక్తం బ్యాగు. బ్యాగు నంబరు, గ్రూపు, తీసిన తారీకు, గడువు తారీకు, చివరల స్థితి అని ఒక కాలమ్. ఆ కాలమ్‌ల 'టెస్టు పెండింగ్', 'రెడీ', 'రిజర్వు', 'గడువు అయింది' అని మాటలల్ల పడేది. రక్తం తియ్యంగనే ఎక్కించరు. ఎయిడ్స్, కామెర్ల లాంటి రోగాలు ఉన్నయా అని టెస్టులు చేస్తరు. అవి వచ్చేదాంక ఆ బ్యాగు పెండింగే.

ఆ ఏడు మార్చిల ట్రస్టు సెక్రటరీ సార్ నన్ను పిలిచిన్రు. ఆయన పెద్ద బట్టల వ్యాపారి, మంచి పట్టున్న మనిషి. హైదరాబాద్‌ల ఏదో పెద్ద దవాఖానల గోడకు టీవీ పెట్టి బెడ్ల లెక్కలు రంగులల్ల చూపిస్తుంటే చూసొచ్చిన్రు.

"మనది గూడ గట్లుండాలె, అమ్మా. సోఫాల కూసుంటే కనపడాలె. గీ చీమలసొంటి అక్షరాలు ఎవరు చదువుతరు?" అన్నరు.

నేను వారం రోజులు కూసోని కొత్త గ్రిడ్ చేసిన. ముదురు రంగు బ్యాక్‌గ్రౌండ్, పెద్ద అక్షరాలు, రెడీ బ్యాగు వరుసంత ఆకుపచ్చ, పెండింగ్ వరుసంత ఎరుపు. గడువు అయినయి బూడిద రంగు, రిజర్వు చేసినయి నీలం. గ్రిడ్ల సెల్ ఫార్మాటింగ్ అని ఒక ఏర్పాటు ఉంటది. ఏ గడిని గీసే ముందరైనా గ్రిడ్ మనను అడుగుతది, దీనికి ఏ రంగు వెయ్యాలె, ఏ ఫాంటు వెయ్యాలె అని. ఆడ నాలుగు షరతులు రాసిన, గ్రిడ్ బతుకమ్మ లెక్క మెరిసిపోయింది. అక్షరాలు పెద్దగ చేసేసరికి జాగా చాలలే. ఒక కాలమ్ తియ్యక తప్పని పరిస్థితి వచ్చింది. స్థితి కాలమ్ ఎట్లాగూ రంగులల్ల కనపడుతాంది కద, మాటలెందుకని దాన్ని దాచేసిన. ఒక్క లైను కోడ్. మౌస్‌తోని వరుస మీద రెండుసార్లు నొక్కితే ఇంకో చిన్న విండో తెరుచుకుంటది, అందుల అన్ని వివరాలు మాటలల్ల ఉంటయి. అది చాలనుకున్న.

సెక్రటరీ సార్ గోడకు కొత్త టీవీ పెట్టించి, సోఫాల కూసోని చూసి చప్పట్లు కొట్టినంత పని చేసిన్రు. బ్లడ్ బ్యాంకు మెడికల్ ఆఫీసర్ డాక్టర్ సుమిత్ర గూడ బాగుందన్నరు. అందరి వెనకాల నిలబడి చూసినాయన సీనియర్ ల్యాబ్ టెక్నీషియన్ గఫూర్ సాబ్. యాభై అయిదేండ్లుంటయి. బ్లడ్ బ్యాంకు తెరిచిన నాటి నుంచి ఉన్న మనిషి. సన్నగ, పొడుగ్గ, ఎప్పుడు చూసినా ఇస్త్రీ చేసిన తెల్ల కోటుతోని ఉండేటోరు.

"ఎట్లుంది, గఫూర్ సాబ్?" అని అడిగిన.

"పాతది గూడ మంచిగనే ఉండె, మేడం," అన్నరు.

కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టిన ప్రతి చోట గీ మాట అనే పెద్దమనిషి ఒకరుంటరు. నేను నవ్వి ఊరుకున్న.

ఏప్రిల్, మే నెలలు బ్లడ్ బ్యాంకులకు కరువు రోజులు. కాలేజీలకు సెలవులుంటయి కాబట్టి రక్తం ఇచ్చే పిల్లలు దొరకరు. ఎండకు క్యాంపులు పెట్టినా జనం రారు. గసొంటి మే నెలల ఒకనాడు పదకొండు గంటల వేళ డాక్టర్ సుమిత్ర నాకు ఫోన్ చేసిన్రు.

"రజితా, రేపు రాగలవా? ఒకటి జరగబోయి ఆగింది. మన కంప్యూటర్ల ఏముందో నువ్వు చూడాలె."

తెల్లారి పోయినంక మొత్తం కథ చెప్పిన్రు. ఒక ప్రైవేటు నర్సింగ్ హోంల కాన్పు కష్టమై, ఆపరేషన్‌కు ఓ నెగెటివ్ రక్తం కావాలని ఆ అమ్మాయి భర్త చీటీ పట్టుకొని ఉరికొచ్చిండట. ఓ నెగెటివ్ మామూలుగనే దొరకదు. ఆ రోజు బ్లడ్ బ్యాంకుల రెండే బ్యాగులున్నయి. ఒకటి రెడీ, ఒకటి పెండింగ్. గఫూర్ సాబ్ స్క్రీన్ చూసి నంబరు రాసుకొని ఫ్రిజ్ నుంచి బ్యాగు తీసిన్రు. దాతది, పేషెంటుది రక్తం కలిపి చూసే క్రాస్ మ్యాచ్ టెస్టు చేసిన్రు. కుదిరింది. సంతకం కోసం డాక్టరమ్మ టేబుల్ మీద పెట్టిన్రు. ఆమె పెన్ను తీసి, అలవాటు చొప్పున బ్యాగును తిప్పి వెనక చూసిన్రు. టెస్టులయినంక వేసే స్టిక్కరు అక్కడ లేదు.

ఆయన తెచ్చింది పెండింగ్ బ్యాగు.

మళ్ల రెండో బ్యాగు తీసి క్రాస్ మ్యాచ్ మొదటి నుంచి చెయ్యాల్సి వచ్చింది. ముప్పావు గంట పట్టింది. ఆ ముప్పావు గంట ఆ అమ్మాయి భర్త, చిన్న వయసు పిల్లగాడు, కౌంటర్ ముందర నిలబడి "మేడం, అయిందా, అయిందా" అని అడుగుతనే ఉన్నడట. రక్తం టైముకు అందింది, తల్లీ బిడ్డా క్షేమం. పెండింగ్ బ్యాగు టెస్టులు గూడ తర్వాత మంచిగనే వచ్చినయి. కానీ అది మా తెలివి కాదు, అదృష్టం.

"రెడీ బ్యాగులకు, పెండింగ్ బ్యాగులకు వేరే వేరే ఫ్రిజ్‌లు ఉండాలె కద మేడం?" అని అడిగిన.

"పెండింగ్ ఫ్రిజ్ కంప్రెసర్ పోయి వారమైంది. అన్ని ఒక్కదాంట్లనే పెట్టినం. పెండింగ్ బ్యాగులున్న అర మీద కాయితం అంటించిన, తడికి ఊడిపోయింది. అది నా తప్పు," అన్నరు డాక్టరమ్మ.

నా సాఫ్ట్‌వేర్ల పెండింగ్ బ్యాగును బయటికి ఇస్తున్నట్టు ఎక్కించబోతే కంప్యూటర్ అడ్డుకుంటది. అది ముందే పెట్టిన. కానీ ఫ్రిజ్ తలుపు నా చేతుల లేదు. తొందర కేసులల్ల బ్యాగు ముందు తీస్తరు, క్రాస్ మ్యాచ్ చేస్తరు, కంప్యూటర్ల ఎక్కించేది ఆఖరికి. ఆ అడ్డు పనికొచ్చే టైముకు బ్యాగు చేతులు మారి ఉంటది.

సెక్రటరీ సార్ అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చిన్రు. "పెద్దమనిషికి కంప్యూటర్ ఒంటపడుతలేదు. కొత్త స్క్రీన్ వచ్చినకాడి నుంచి నస పెడుతున్నడు. క్యాంపులల్ల పేర్లు రాసే పనికి పంపిద్దం. నువ్వు చూసి, మెషిన్ తప్పు లేదని ఒక కాయితం రాసియ్యమ్మా. సాయంత్రం కమిటీ ఉంది," అన్నరు.

గఫూర్ సాబ్ ల్యాబుల టేబుల్ ముందర కూసోని ట్యూబులు సర్దుకుంటున్నరు. నన్ను చూసి సలాం పెట్టిన్రు. అంతే. మళ్ల ట్యూబుల మీదికి వంగిన్రు.

నేను లాగ్ తెరిచిన. ఎవరు ఎప్పుడు ఏ స్క్రీన్ చూసిన్రు, ఏం నొక్కిన్రు అన్నది ప్రోగ్రాము తనంతట తాను రాసుకునే చిట్టా అది. ఏదన్న గొడవ అయితే చూసుకోవాలని నా ప్రతి అప్లికేషన్‌ల పెడత. కొత్త గ్రిడ్ పెట్టినప్పటి నుంచి ముగ్గురు టెక్నీషియన్ల చిట్టాలు పక్కపక్కన పెట్టుకున్న. మిగిలిన ఇద్దరు రోజుకు నాలుగైదు సార్లు వివరాల విండో తెరిచిన్రు. గఫూర్ సాబ్ రోజుకు వందసార్లకు పైగా తెరిచిన్రు. పొద్దుగాల డ్యూటీ ఎక్కంగనే మొదటి వరుస నుంచి చివరి వరుస దాంక ఒక్కటొక్కటే తెరిచి మూసుడు. ఏ బ్యాగు తీసినా ముందు దాని విండో తెరుచుడు. రెండు నెలల నుంచి ఒక్కరోజు తప్పలే.

తప్పింది ఒక్కసారి. ఆ ఓ నెగెటివ్ బ్యాగుకు.

ఇది కంప్యూటర్ రాని మనిషి చిట్టా కాదు. అందరికంటె ఎక్కువ జాగ్రత్త ఉన్న మనిషి చిట్టా. మరి స్క్రీన్ మీద ఎర్రగ, పచ్చగ ఎదురుంగ కనపడుతుంటే ప్రతి దానికి విండో ఎందుకు తెరవాలె? నాకు ఒక అనుమానం వచ్చింది, రంగు మార్చి చూస్తే గని తేలదు.

మధ్యాహ్నం అందరు అన్నాలకు పోయినంక ఆయన పక్కన స్టూలు వేసుకొని కూసున్న. సాఫ్ట్‌వేర్ల పెండింగ్ రంగును ఎరుపు నుంచి లేత పసుపుకు మార్చి స్క్రీన్ ఆయన దిక్కు తిప్పిన.

"గఫూర్ సాబ్, ఇప్పుడు చూడుండ్రి."

ఆయన చూసిన్రు. కండ్లద్దాలు తీసి, తుడుచుకొని, మళ్ల పెట్టుకొని చూసిన్రు. వేలు పెట్టి ఒక్కొక్క వరుస చూపిస్త "ఇది పెండింగ్, ఇది పెండింగ్, ఇది రెడీ, ఇది పెండింగ్" అని గబగబ చెప్పుకపోయిన్రు. ఒక్కటి గూడ తప్పలే. తర్వాత చెయ్యి ఒళ్లె పెట్టుకున్నరు.

"తెలుసుకున్నవు గద, బేటా," అన్నరు. అప్పటిదాంక నన్ను మేడం అనేటోరు.

"ఎప్పటి నుంచి?"

"పుట్టినకాడి నుంచి. చిన్నప్పుడు మా అమ్మీ మిరప చేన్ల పండుకాయ ఏరుకరమ్మంటే పచ్చికాయ గూడ కలిపి తెస్తుంటి. పని తప్పించుకోను గట్ల చేస్తున్నడని కొట్టేది. రైల్వేల నౌకరి దాంక పోయి కండ్ల పరీక్షల వాపసు వచ్చిన. గప్పుడే నాకు గూడ తెలిసింది, దీనికి ఒక పేరు ఉన్నదని. ఎరుపు, పచ్చ నాకు ఒక్కతీరుగనే అవుపడతయి. నా భార్యకు తప్ప ఎవరికీ చెప్పలే."

"మరి ఇన్నేండ్లు గీ పని ఎట్ల చేసిన్రు?"

ఆయనకు ఆ ప్రశ్న నచ్చింది. లేచి ట్రే నుంచి రెండు చిన్న సీసాలు తెచ్చి నా ముందర పెట్టిన్రు. రక్తం గ్రూపు చూడనీకి వాడే మందులు. ఒకటి నీలం, ఒకటి పసుపు.

"గీ రెండు నాకు నీ కంటె మంచిగ అవుపడతయి. గ్రూపు అంటే రక్తం రంగు చూసుడు కాదు. గడ్డ కట్టిందా, కట్టలేదా, గంతే. బ్యాగు మీద గ్రూపు అక్షరాలల్ల ఉంటది. మొన్నటిదాంక నీ కంప్యూటర్ల గూడ అక్షరాలే ఉండె."

ఆ చివరి మాటల ఎత్తిపొడుపు లేదు. ఉన్న సంగతి చెప్పిన్రు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

"ఆ రోజు విండో ఎందుకు తెరవలే?"

"తెరిచిన. చక్రం తిరుగుకుంట తిరుగుకుంట ఉండె. గా పిల్లగాడు గోడకు తల కొట్టుకుంటున్నడు. బిడ్డ అడ్డం తిరిగిందట. పై వరుస రెడీది అనిపించింది. ఎప్పుడూ అనిపించిన దాని మీద పని చెయ్యలే, బేటా. గా ఒక్కరోజు చేసిన."

తర్వాత నేను చూస్తే నిజమే. ఆ టైముల ఇంకో కంప్యూటర్ల పెద్ద రిపోర్టు ప్రింటుకు పెట్టిన్రు. విండో తెరుచుకోవడానికి అరనిమిషం పైన పట్టింది. తెరుచుకోకముందే మూసేస్తే నా చిట్టాల పడదు. అది గూడ నా లోపమే.

సాయంత్రం నాలుగింటికి కమిటీ. ఆయన నన్ను చెప్పొద్దని అడగలే. ఒక్కటే అన్నరు: "ఇంక మూడేండ్ల సర్వీసుంది. క్యాంపులల్ల పేర్లు రాసుడు తప్పు పని కాదు. కానీ నాకు వచ్చిన పని ఇది."

నేను ఆలోచించుకొని చెప్పిన. "గఫూర్ సాబ్, రిపోర్టుల నా తప్పు నేను రాస్త. మీ కండ్ల సంగతి అందుల రాయను, అది నేను చెప్పే ముచ్చట కాదు. కానీ ఇది రక్తం. డాక్టరమ్మకు తెలియాలె. మీరే చెప్పాలె."

ఆయన ఆ రెండు సీసాల మూతలు బిగించి పక్కకు పెట్టిన్రు. తర్వాత లేచి, కోటు గుండీలు పెట్టుకొని, డాక్టరమ్మ గదికి పోయి తలుపు దగ్గరేసుకున్నరు.

నేను అక్కడే కూసోని కాయితం రాసిన. వంకరటింకర లేకుండ రాసిన. ఈ గ్రిడ్‌ల బ్యాగు స్థితిని మాటలల్ల చూపే కాలమ్‌ను నేను దాచిన. రంగు ఒక్కదాన్నే ఆధారం చేసిన. రంగు తప్పుగ అవుపడే మనుషులుంటరు, రంగులు వెలిసిపోయిన మానిటర్లుంటయి, కిటికీ వెలుతురు పడితే ఏ రంగో ఎవరికీ తెలియదు. ఈ తప్పు ఈ గ్రిడ్‌తోని ఎవరి చేతుల మీదైనా జరిగేదే. సంతకం చేసిన.

సెక్రటరీ సార్ దాన్ని రెండుసార్లు చదివిన్రు. "నీ సాఫ్ట్‌వేర్ తప్పని నువ్వే రాసిస్తున్నవ, అమ్మా? గీ కాయితం ఫైల్ల ఉంటది. రేపు ఇంకో దవాఖానోళ్లు అడిగితే నేను ఏం చెప్పాలె?"

"గీ కాయితమే చూపించుండ్రి సార్. పది రోజులల్ల సరిచేసిన గ్రిడ్ గూడ చూపించుండ్రి."

"టీవీ మీద రంగులు పోతయా?"

"పోవు. రంగులతోని మాటలు గూడ వస్తయి."

అంతల డాక్టర్ సుమిత్ర లోపలికొచ్చిన్రు. వెనకాల గఫూర్ సాబ్. ఆయన ముఖంల ఏం కనపడలే. డాక్టరమ్మ సూటిగ కమిటీకి చెప్పిన్రు, ఆయన ఒప్పుకున్నంకనే చెప్తున్న అని ముందర చెప్పి మరీ చెప్పిన్రు. సెక్రటరీ సార్ కుర్చీల వెనక్కి వాలి, "రక్తం కాడ రంగులు తెలియని మనిషా?" అన్నరు.

"ఇప్పుడే ముప్పై శాంపిళ్లు ఆయన ముందర పెట్టిన సార్. పేర్లు తీసేసి, వరుస మార్చి పెట్టిన. ముప్పైకి ముప్పై గ్రూపులు సరిగ్గ చెప్పిన్రు. ఒక్క పని మాత్రం ఆయన చెయ్యొద్దు. బ్యాగుల పైకి తేలిన పసుపు నీరు ఎర్రబడిందా అని కంటితోని చూసే పరీక్ష. అది ఎర్రబడితే రక్తం చెడినట్టు. ఇన్నేండ్లు దాన్ని ఎట్ల చూసిన్రని అడిగిన. పక్కనోళ్లను పిలిచి, రెండు కండ్ల కంటె నాలుగు మేలు అని వాళ్లతోని చూపించేటోరట. నేను గమనించలే. ఇక నుంచి అది వేరేటోళ్ల పని అని రాసి పెడుతున్న. ఫ్రిజ్ నుంచి తీసిన ప్రతి బ్యాగును ఇద్దరు చూసినంకనే క్రాస్ మ్యాచ్. నేను తీసినా అంతే," అన్నరు డాక్టరమ్మ.

కమిటీల కొంత గొణుగుడు నడిచింది. ఒకాయన ఇదంత పేపరుకెక్కితే పరువేం కావాలె అన్నరు. సెక్రటరీ సార్ కండ్లద్దాలు తీసి గఫూర్ సాబ్ దిక్కు చూసి, "ముందే చెప్తే ఏమయితుండె?" అన్నరు.

"ముందే చెప్తే నౌకరి ఇయ్యకపోదురు, సాబ్," అన్నరు గఫూర్ సాబ్.

సెక్రటరీ సార్ కాయితం కింద సంతకం చేసి పక్కకు పెట్టిన్రు. గఫూర్ సాబ్ ల్యాబులనే ఉండిపోయిన్రు.

మూడు రోజులు నేను మహబూబ్‌నగర్‌లనే ఉన్న. న్యూటౌన్ల ఉన్న మా చిన్నమ్మ ఇంట్ల పడుకొని, పొద్దున తొమ్మిదింటికల్ల ల్యాబుకు పోయేదాన్ని. ఆ గ్రిడ్‌కు సగం డిజైను గఫూర్ సాబ్‌దే. నేను రంగులు మార్చుకుంట పోతుంటే ఆయన చెప్పేటోరు: "గీ రెండు నాకు ఒక్కటే. ఇది కొంచెం ముదురు చెయ్. ఆఁ, ఇప్పుడు వేరైంది." చివరికి రెడీకి నీలం, పెండింగ్‌కు నారింజ నిలబడ్డయి. స్థితి కాలమ్ వెనక్కి వచ్చింది, చివరికి కాదు, అన్నిటికంటె ముందరికి. గ్రిడ్‌ను ఎంత పక్కకు జరిపినా కదలకుండ దాన్ని బిగించిన. జాగా కోసం 'తీసిన తారీకు' అన్న కాలమ్‌ను వివరాల విండో లోపలికి పంపిన. ఎవరికీ ఏ ఇబ్బంది కాలే.

ఆ పనిల ఇంకో సంగతి బయటపడ్డది. గ్రిడ్‌ల ఏ వరుస మీద నొక్కినా అది ఎంచుకున్నట్టు గుర్తుగ ముదురు నీలం అయిపోతది. అది గ్రిడ్‌కు పుట్టుకతోని వచ్చిన గుణం. అంటే బ్యాగు తియ్యనీకి వరుస మీద నొక్కిన క్షణంల ఎరుపైనా పచ్చైనా అందరికీ మాయం. సరిగ్గ అవసరమైన టైముకు నా రంగులు ఎవ్వరికీ అవుపడుతలేవు. రెండు నెలలు నేను అది చూడలే. ఎంచుకున్న వరుసకు రంగు పూసుడు ఆపి, చుట్టు మందపు గీత వచ్చేటట్టు మార్చిన.

పెండింగ్ గడికి ఏం గుర్తు పెట్టాలె అని నేను కొట్టుకుంటుంటే గఫూర్ సాబ్ అల్మారా నుంచి కంప్యూటర్ రాకముందరి పాత రిజిస్టరు తీసిన్రు. అందుల టెస్టులు కాని ప్రతి బ్యాగు గడికి పెన్సిలుతోని ఏటవాలు గీతలు కొట్టి ఉన్నయి. టెస్టు వచ్చినంక రబ్బరుతోని తుడిచేటోరట.

"దూరం నుంచి చూసినా తెలుస్తది, గడి మూసి ఉన్నదని," అన్నరు.

గ్రిడ్‌ల సెల్ పెయింటింగ్ అని ఇంకో ఏర్పాటు ఉంటది. గడిని గ్రిడ్ గీయకుండ ఆపి, మనమే గీసుకోవచ్చు. ఆయన పెన్సిలు గీతలను అట్లనే ఏటవాలుగ గీయించిన. నలభై లైన్ల కోడ్ పట్టింది. గడువు అయిన బ్యాగుల నంబరు మీద కొట్టివేత గీత. రిజర్వుకు పాత నీలం తీసేసి తాళం బొమ్మ. టీవీ మీద చూసిన సెక్రటరీ సార్, "గిది గింకా మంచిగుంది, గీతలున్నయి గద, చీర అంచు లెక్క," అన్నరు. బట్టల వ్యాపారి కద.

గఫూర్ సాబ్ మిగిలిన సర్వీసంత ఆ గ్రిడ్ ముందరనే చేసిన్రు. కరోనా రోజులల్ల, రక్తం ఇచ్చేటోళ్లు బయటికి రానప్పుడు గూడ, రోజూ డ్యూటీకి వచ్చిన్రు. 2021ల రిటైరయిన్రు. ఆయన మిగిలిన సర్వీసుల అసొంటి పొరపాటు మళ్ల జరగలే. వివరాల విండో రోజుకు నాలుగైదు సార్లే తెరిచేటోరు, అందరి లెక్క. సెక్రటరీ సార్ ఆ కాయితం గురించి భయపడ్డరు గనీ, దాన్ని చదివినంకనే ఇంకో రెండు ల్యాబులోళ్లు నా దగ్గరికి వచ్చిన్రు. తప్పు ఎక్కడ జరిగిందో ఇంత విడమరిచి చెప్పే మనిషి మాకు కావాలె అన్నరు.

గ్రిడ్ అందంగ చేసుడు నేను మానలే. ఇప్పటికీ నా గ్రిడ్లను చూసి గుర్తుపడతరు, ఇప్పటికీ నాకు గర్వమే. ఒక్క పద్ధతి మాత్రం కొత్తగ పెట్టుకున్న. కస్టమర్‌కు ఇచ్చే ముందు ప్రతి స్క్రీన్‌ను మామూలు నలుపు తెలుపు ప్రింటర్ల ప్రింటు తీస్త. రంగు మీద ఆధారపడ్డది ఏదైనా కాయితం మీద బూడిద రంగయి దొరికిపోతది.

అదిగాక ఎవరినీ మీకు రంగులు సరిగ్గ అవుపడతయా అని అడగను. అట్ల అడిగితే ఏ ఆఫీసుల ఎవ్వరూ చెయ్యి ఎత్తరని నాకు తెలుసు. నౌకరి మీది భయం గసొంటిది. మొన్న హుజూర్‌నగర్‌ల ఒక విత్తనాల గోదాముకు పోయినప్పుడు గూడ అంతే చేసిన. ఓనరు ఎదురుంగ ఉన్న కుర్చీ చూపిస్తే, ముందు ఆ కంప్యూటర్ల పనిచేసేటోళ్లను పిలువుండ్రి అన్న. నలుగురొచ్చిన్రు. నలుగురికీ తలా ఒక నలుపు తెలుపు ప్రింటు చేతులపెట్టి ఒక్కటే అడిగిన: "ఇందుల రైతుకు ఇప్పుడే ఇయ్యగలిగిన బస్తాలు ఏవేవి?"

ముగ్గురు టక్కున చెప్పిన్రు. నాలుగో ఆమె కాయితం కండ్ల దగ్గరికి తెచ్చుకొని, దూరం పెట్టుకొని చూసి, "అక్షరాలు చిన్నగున్నయి, మేడం," అని మెల్లగ అన్నది.

ఆ సాయంత్రం ఫాంటు రెండు సైజులు పెంచి, అప్పుడు బస్సెక్కిన.